నాలుగు మూలల పసుపు

ఆయన ఇప్పటికీ పార్సిప్పనీలోనే ఉన్నాడట. సొంత ఇల్లు కొన్నాడట, బేస్‌మెంట్‌లో హోమ్ థియేటర్ కూడా పెట్టించాడట. పెట్టించుకోనీ. ఎన్ని ఇళ్ళు కొన్నా, ఆ శనివారం మధ్యాహ్నం హోటల్ హాల్లో ఆయన మొహం ఎలా మాడిపోయిందో చూసినదాన్ని నేను. ఆ మొహం నా దగ్గర భద్రంగా ఉంది.

నాకు కోపం ఎక్కువని మా అమ్మ అనేది, మా ఆయన అంటాడు, ఈ మధ్య మాటలు నేర్చిన మా అమ్మాయి కూడా అంటోంది. ఎందుకొచ్చింది కోపం అని మాత్రం ఒక్కరూ అడగరు. అడగలేదు కాబట్టి నేనే చెప్తున్నాను.

అప్పుడు రెండు వేల ఏడు. నాకు పెళ్ళయి ఏడాది. మా ఆయన హెచ్-వన్ ఉద్యోగ వీసా మీద, నేను హెచ్-ఫోర్ మీద. హెచ్-ఫోర్ అంటే తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తాను: అమెరికాలో ఉండొచ్చు, వండొచ్చు, చదువుకోవచ్చు, ఉద్యోగం మాత్రం చేయకూడదు. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. పెళ్ళికి ముందు హైదరాబాదులో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో రెండేళ్ళు పనిచేశాను. పార్సిప్పనీ వచ్చాక నా కెమిస్ట్రీ అంతా చలికాలంలో ఇడ్లీ పిండి పులియబెట్టడానికే సరిపోయింది. చుట్టుపక్కల ఏ హైవే ఎక్కినా మందుల కంపెనీల అద్దాల భవనాలే. కార్లో వాటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు నేను తల అటు తిప్పేసుకునేదాన్ని.

కౌంటీ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఒకటి ఉందని తెలిసింది. ఏడాది చదివితే ఇక్కడి సర్టిఫికెట్ వస్తుంది, వీసా మారిన రోజున చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. ఫీజు కాగితం తెచ్చి మా ఆయనకి చూపించాను. ఆయన చెడ్డవాడు కాదు. కాగితం అటూ ఇటూ తిప్పి, "గ్రీన్‌కార్డ్ లాయర్‌కి కట్టాలి కదా, ఈ ఇయర్ టైట్‌గా ఉంది. నెక్స్ట్ ఇయర్ చూద్దాం," అన్నాడు. నెక్స్ట్ ఇయర్ అనే మాట అమెరికాలో ఎన్నిసార్లు వింటామో లెక్కలేదు. అప్పటికి నాదంటూ ఒక్క డాలరు లేదు. కొత్తిమీర కట్ట కొనాలన్నా ఆయన కార్డే.

మా కింది ఇంట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. ముప్పై ఏళ్ళు స్కూల్ బస్సు నడిపి రిటైరయింది. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆవిడే. అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాట్‌లో, మా పాత కార్లో, నా పక్క సీట్లో కాఫీ కప్పు పట్టుకుని కూర్చునేది. మూతలేని కప్పు. "కాఫీ ఒలికిందా, నువ్వు ఫెయిల్," అనేది. మొదటి వారం ఆవిడ ప్యాంటు మీద ఎన్ని మరకలు చేశానో. నేను పులిహోర పట్టుకెళ్తే పచ్చ అన్నం అని పేరు పెట్టి, చెంచాతో గిన్నె అడుగుదాకా గీరి తినేది. నా ఫీజు కాగితం సంగతి మా ఆయన తర్వాత తెలిసింది ఆవిడకే.

తుంటి ఎముక పట్టు తప్పాక ఆవిడని కూతురు ఫ్లోరిడా తీసుకెళ్ళిపోతానంది. వెళ్ళే ముందు వారం నన్ను పిలిచి, ఒళ్ళో ఒక చెప్పుల పెట్టె పెట్టింది. నిండా బేస్‌బాల్ కార్డులు, ఆటగాళ్ళ బొమ్మలవి. ఆవిడ తమ్ముడు చిన్నప్పుడు పోగేసినవట. ఆ తమ్ముడు వియత్నాం వెళ్ళి తిరిగి రాలేదు. నలభై ఏళ్ళుగా ఆ పెట్టె ఆవిడ అల్మారాలోనే ఉంది. అందులోంచి ఒక్క కార్డు విడిగా తీసి చూపించింది. మైనం కాగితంలో చుట్టి ఉంది. ఎర్రటి బ్యాక్‌గ్రౌండ్ మీద కుర్రాడొకడు భుజాన బ్యాటు పెట్టుకుని, కొంచెం పక్కకి చూస్తూ నవ్వుతున్నాడు. తర్వాత పెద్ద ఆటగాడయ్యాడట, అది అతని తొలి ఏడాది కార్డట.

"భోజనం దగ్గర కూడా మా తమ్ముడు దీన్ని పళ్ళెం పక్కన పెట్టుకునేవాడు," అంది. "మా అమ్మాయికి ఇవేవీ పట్టవు. నువ్వు అమ్ముకుని కాలేజీలో చేరు. కానీ అమ్మే ముందు వెల కనుక్కో. ఎవరో చెప్పింది నమ్మడం కాదు, నీ కళ్ళతో చూసి కనుక్కో. నాకు ఫోన్ చేసి చెప్పు."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ నా వీపు తట్టి, పెట్టె మీద మూత పెట్టింది.

ఆవిడ వెళ్ళిన వారానికే దీపావళి. మా పుట్టింట్లో దీపావళి నాడు లక్ష్మీదేవి ముందు ఇంట్లో విలువైనవన్నీ పెట్టేవాళ్ళం. అమ్మ గొలుసు, నాన్న ఇన్సూరెన్స్ బాండ్లు, బ్యాంకు పాస్‌బుక్. పార్సిప్పనీలో నాకున్నవి రెండు గాజులు, మా ఆయన చెక్‌బుక్కు, ఈ కార్డులు. పెట్టె మొత్తం దేవుడి దగ్గర పట్టదని, బాగున్నవి అయిదు ఏరి పెట్టాను. మైనం కాగితంలోది అన్నిటికన్నా ముందు. మనం పసుపు రాయనిదేముంది? శుభలేఖకి రాస్తాం, కొత్త చీరకి రాస్తాం, నాన్న స్కూటర్ కొంటే దాని నంబర్ ప్లేటుకీ రాశాం. తడిపిన పసుపులో ఉంగరం వేలు ముంచి, అయిదు కార్డులకీ నాలుగేసి మూలలా అద్దాను. కుంకుమ కూడా పెట్టబోయి, ఆటగాడి మొహం పాడవుతుందని ఆగాను. తెలివిగా ఆగానని కూడా అనుకున్నాను. కళ్ళు మూసుకుని, అమ్మా, నన్ను కాలేజీలో చేర్పించు, అని దణ్ణం పెట్టుకున్నాను.

ఇప్పుడు ఆయన దగ్గరికి వస్తాను. మా కాంప్లెక్స్‌లో తెలుగువాళ్ళకి ఆయన పెద్దదిక్కు. మా అందరికన్నా ఎనిమిదేళ్ళు ముందొచ్చాడు. ఏ కారు కొనాలి, ఏ లాయర్ మంచివాడు, ఏ కొట్లో సోనా మసూరి సేల్‌లో ఉంది, అన్నీ ఆయన్నే అడగాలి. మగవాళ్ళు అన్నగారూ అనేవాళ్ళు, ఆడవాళ్ళం అన్నయ్యగారూ అనేవాళ్ళం. మా ఆయనకి అప్పటి ప్రాజెక్టు ఇప్పించింది కూడా ఆయన రిఫరెన్సే. నెలకో ఆదివారం వాళ్ళింట్లో పాట్‌లక్, తలా ఒక వంట పట్టుకెళ్ళి అందరం కలిసి తినేవాళ్ళం. అక్కడ మాటల్లో ఈ కార్డుల సంగతి అన్నాను. ఆయన పెరుగన్నం కలుపుతూ, "తీసుకురా చెల్లెమ్మా. మా ఆఫీస్‌లో ఒక తెల్లాయన ఇవే కలెక్ట్ చేస్తాడు. చూపించి రేటు కనుక్కుని చెప్తా. నీకెందుకు ఈ టెన్షన్లు," అన్నాడు.

అప్పుడే మెట్లు దిగి వెళ్ళి పెట్టె తెచ్చి ఇచ్చాను. లెక్కపెట్టలేదు. ఏమేం ఉన్నాయో రాసుకోలేదు. ఎలా లెక్కపెడతాను? పదిమంది ముందు, మా ఆయనకి పని ఇప్పించిన మనిషి ముందు, ఒక్కొక్క కార్డూ తీసి ఒకటి రెండు అని లెక్కపెడితే ఆయన్ని అనుమానించినట్టు కాదూ? మనకి ఇల్లు మునిగినా ఫరవాలేదు గానీ మొహమాటం మాత్రం చెడకూడదు. పైగా రెండు చేతులా పట్టుకుని, పెద్దవాళ్ళకి పండు ఇచ్చినట్టు ఇచ్చాను. ఎవరి మాటా నమ్మకు అని ఆవిడ చెప్పి ఇంకా నెల కూడా కాలేదు.

మూడు వారాల తర్వాత ఆయనే భార్యతో కలిసి మా ఇంటికొచ్చాడు. కాఫీ తాగాడు, జంతికలు తిన్నాడు, పెట్టె నా చేతిలో పెట్టాడు. "అన్నీ కలిపితే ఫిఫ్టీన్ డాలర్స్ చేస్తాయట చెల్లెమ్మా. ఇవన్నీ లక్షల్లో ప్రింట్ చేసినవి. కాలేజీ ఫీజు అనుకున్నావా, పిజ్జా కూడా రాదు," అని నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. వాళ్ళు వెళ్ళాక మూత తీశాను. పసుపు మూలలవి నాలుగే ఉన్నాయి. మైనం కాగితం ఉంది, చక్కగా నాలుగు మడతలు పెట్టి ఉంది, లోపల కార్డు లేదు. దొంగిలించినవాడు ఆ కాగితం పారేయొచ్చు కదా. మడత పెట్టి మరీ తిరిగిచ్చాడు. నాకేమీ తెలియదని అంత నమ్మకం. ఆ మడతలు చూసేసరికి నా ఒళ్ళు మండిపోయింది.

తర్వాతి పాట్‌లక్‌లో మర్యాదగానే అడిగాను. "అన్నయ్యగారూ, ఆ ఎర్ర రంగు కార్డు ఒకటి కనబడటం లేదండీ. మీ ఆఫీసాయన దగ్గర ఉండిపోయిందేమో ఒకసారి అడుగుతారా?"

ఆయన గరిట కింద పెట్టి, హాలంతా వినబడేలా, "చూశారా, చెల్లెమ్మ నన్ను దొంగని చేసేసింది! ఎన్ని ఇచ్చావమ్మా? కౌంట్ చేసి ఇచ్చావా?" అన్నాడు.

అందరూ పకపకా నవ్వారు. తిరిగి ఇంటికొచ్చాక మా ఆయన తలుపు వేసి, "నీకేమైనా పిచ్చా? ఆయన ఒక్క ఫోన్ చేస్తే నేను ప్రాజెక్టు పోయి బెంచ్ మీద కూర్చోవాలి. ఒక బొమ్మ కార్డు కోసం ఆయన్ని నలుగురిలో అలా అడుగుతావా?" అన్నాడు. నేను స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, పళ్ళు నూరుకున్నాను. ఆ ఇద్దరిలో ఎవరి మీద ఎక్కువ కోపమో ఆ రోజు నాకే తెలియలేదు. మా ఆయన ఇంట్లో మనిషి, ఆయన సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు అన్నయ్యగారు.

మర్నాటి నుంచి లైబ్రరీకి వెళ్ళడం మొదలుపెట్టాను. మా ఆయన్ని ఆఫీసులో దింపి, కారు తీసుకుని నేరుగా అక్కడికే. బేస్‌బాల్ కార్డుల ధరల పుస్తకాలుంటాయి, ఇటుకల్లా లావుగా. బ్యాటు ఎటు పట్టుకుంటారో తెలియని నేను, ఏ ఏడాది ఏ కంపెనీ ఎన్ని కార్డులు వేసిందో, వెనక నంబరు ఎక్కడుంటుందో, అసలుకీ నకలుకీ తేడా ఎలా చూడాలో నేర్చుకున్నాను. పాత కార్డు ధర పేరుని బట్టే కాదు, ఒంటిని బట్టి ఉంటుంది. బొమ్మ మధ్యలో ఉందా, అంచులు తెగాయా, పైన గీతలున్నాయా, మూలలు పదునుగా ఉన్నాయా. నా ఎమ్మెస్సీకి కూడా అంత కష్టపడి చదవలేదు. పరీక్షకి చదివేవాళ్ళకి నిద్రొస్తుంది, పగతో చదివేవాళ్ళకి రాదు.

నా కార్డు మూడో రోజున దొరికింది. ఎర్ర బ్యాక్‌గ్రౌండ్, భుజం మీద బ్యాటు, అదే పక్క చూపు. ఎదురుగా ధరల వరస. ఓ మోస్తరుగా ఉన్నదానికి వేసిన ధర చూసి నా ఫీజు కాగితం తీసి పక్కన పెట్టుకున్నాను. ఏడాది కోర్సు, పుస్తకాలు, ల్యాబ్ కోటు, అన్నీ పోగా ఇంకా మిగులుతుంది. పిజ్జా కూడా రాదన్న మనిషి నవ్వు చెవుల్లో మోగింది.

పేజీ తిప్పితే మూలల గురించి రాశాడు. అన్నిటికన్నా ముందు చూసేది మూలలేనట. మూల మీద మరక ఉన్నా, రంగు ఉన్నా, చేతి పని ఉన్నా కార్డు ధర నేలకి పడిపోతుందట. వేలితో కూడా ముట్టుకోకూడదట. నేను ఆ వాక్యం మళ్ళీ చదివాను. నా కుడి చేతి ఉంగరం వేలు చూసుకున్నాను. ఒక మూల కూడా వదలకుండా, ఎంత భక్తిగా రాశాను! ఆయన దొంగిలించకముందే ఆ కార్డుని నేనే చంపేశాను. లైబ్రరీలో కాబట్టి గట్టిగా ఏడవడానికి లేదు.

ఇంకొకళ్ళయితే అక్కడ ఆగిపోయేవాళ్ళేమో. పోయిందేదో పోయింది, ఎలాగూ విలువ లేదు, వదిలేద్దాం అనుకునేవాళ్ళేమో. నాకు తిరగబడి తోచింది. నాకు రాదు సరే, ఆయనకి మాత్రం ఎందుకు రావాలి? ఆ కార్డు ముందే పాతబడి పచ్చబారి ఉంది. ఆయన పసుపు తుడిచేసి ఉంటాడు, మిగిలిన చాయ వయసు వల్ల వచ్చిందని ఏ వ్యాపారి అయినా మోసపోతాడు. అప్పుడు నా ఫీజు ఆయన జేబులో పడుతుంది. అది తలుచుకుంటే నాకు అన్నం సయించలేదు.

అదే పుస్తకం చివర ఒక చిన్న మాట కనబడింది. నకిలీ కార్డులు పట్టుకోవడానికి వ్యాపారులు నల్ల దీపం వాడతారట. కొత్త కాగితం ఆ వెలుగులో తెల్లగా మెరుస్తుంది, పాత కాగితం మెరవదు. నల్ల దీపమంటే అతినీలలోహిత కిరణాల దీపం. మా యూనివర్సిటీ ల్యాబ్‌లో అలాంటిది ఒక చెక్కపెట్టెలో ఉండేది. మొదటి ఏడాది మాతో చేయించిన మొదటి ప్రయోగమే పసుపు. కంటికి కనబడనంత చుక్క పెట్టినా సరే, ఆ వెలుగులో ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో భగ్గున వెలుగుతుంది. తుడిచినా కాగితంలోకి ఇంకింది పోదు. లైబ్రరీ కుర్చీలో కూర్చుని నవ్వుకున్నాను. అమెరికా వచ్చాక నా ఎమ్మెస్సీ మొదటిసారి పనికొచ్చింది.

ఎక్కడ, ఎప్పుడు అన్నది ఆయన భార్య చెప్పింది. వదిన మంచి మనిషి. నేను వచ్చిన మొదటి చలికాలం, నా దగ్గర సరైన కోటు లేదని తన కోటు తీసి నాకు తొడిగిన మనిషి. మా కుండీలో కరివేపాకు కోసం వచ్చి, "మీ అన్నయ్యకి కొత్త పిచ్చి పట్టింది. భూతద్దం కొన్నాడు. శనివారం రూట్ ఫార్టీ సిక్స్ మీద ఆ హోటల్లో కార్డుల షో ఏదో ఉందట, దానికి పోతాడట," అంది. ఆమెకేమీ తెలియదు. నేను ఇంకో రెండు రెమ్మలు ఎక్కువే కోసి ఇచ్చాను. ఇస్తూ ఆమెని వాడుకుంటున్నానని నాకు తెలుసు. అయినా ఇచ్చాను.

శనివారం మా ఆయనకి లైబ్రరీ అని చెప్పి బయల్దేరాను. మిగిలిన నాలుగు పసుపు కార్డులు, ఆ మైనం కాగితం పర్సులో ఉన్నాయి. కాఫీ కప్పు ఒలకనంత నెమ్మదిగా నడిపాను. హాల్లో బల్లల వరసలు, గాజు పెట్టెలు, టోపీలు పెట్టుకున్న మగవాళ్ళు. బొట్టు పెట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే. గంటసేపు ఓ స్తంభం పక్కన గోతికాడ నక్కలా కాచుకుని ఉన్నాను. మధ్యాహ్నమవుతుండగా ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. రెండు బల్లల దగ్గర బేరమాడి, మూడో బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆ బల్ల వ్యాపారి లావుపాటి ముసలాయన, మెడలో భూతద్దం వేలాడుతోంది. ఆ ముసలాయన కార్డుని చాలాసేపు చూసి, "మూలలు కొంచెం పచ్చబారాయి. వయసు," అని, ఒక చీటీ మీద అంకె రాసి అన్నయ్యగారి వైపు తిప్పాడు.

అప్పుడు వెళ్ళి పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "నమస్కారం అన్నయ్యగారూ."

ఆయన తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. ఒక్క క్షణమే. వెంటనే తేరుకుని, వ్యాపారితో ఇంగ్లీషులో మా చెల్లెలని పరిచయం చేసి, నాతో తెలుగులో, మొహం నవ్వుతూనే పెట్టుకుని, "చెల్లెమ్మా, సీన్ చేయకు. నీ కోసమే బెస్ట్ రేటు చూస్తున్నా. ఫిఫ్టీ ఫిఫ్టీ. ఇప్పుడే క్యాష్ ఇస్తాడు, సగం నీ చేతిలో పెడతా," అన్నాడు.

చీటీ మీద అంకె నా కళ్ళెదుటే ఉంది. అందులో సగమెంతో లెక్కవేయడానికి నాకు కాగితం పెన్సిలు అక్కర్లేదు. ఏడాది ఫీజు. పుస్తకాలు కూడా. ఒక్కమాట మాట్లాడకుండా కూర్చుంటే చాలు, జనవరిలో నేను క్లాసులో ఉంటాను. ఆ ముసలాయన మోసపోతాడని నాకు జాలేసిందని ఇప్పుడు రాసుకుంటే బాగుంటుంది గానీ, అది అబద్ధం. ఆయన గురించి నేను ఆలోచించనే లేదు. నా చెవిలో పాట్‌లక్ నవ్వులున్నాయి. ఎన్ని ఇచ్చావమ్మా, కౌంట్ చేసి ఇచ్చావా? నా కార్డులో నాకు సగం భిక్ష వేస్తున్నాడు, పైగా నవ్వుతున్నాడు.

వ్యాపారి వైపు తిరిగి, "మీ దగ్గర నల్ల దీపం ఉందా? ఒకసారి వేసి చూస్తారా?" అని అడిగాను.

ముసలాయన కొంచెం సిగ్గుపడ్డాడు. నిజానికి తనే ముందు చేయాల్సిన పని. బల్ల కింద నుంచి అట్టపెట్టె తీసి, కార్డు లోపల పెట్టి, చేతిలో పట్టేంత దీపం వెలిగించాడు. ముగ్గురం ఒంగి చూశాం. నల్లటి పెట్టెలో నాలుగు మూలలూ నాలుగు ప్రమిదల్లా వెలిగాయి. నా ఉంగరం వేలి ముద్ర అంత.

"ముప్పై ఏళ్ళలో ఇలాంటిది చూడలేదు. ఏమిటిది?" అన్నాడు ముసలాయన.

"పసుపు. మా పండగ రోజు మా దేవుడి దగ్గర నేను రాశాను," అని, పర్సులోంచి నాలుగు కార్డులు తీసి ఒక్కొక్కటీ పెట్టెలో పెట్టాను. ఒక్కొక్కటీ అలాగే వెలిగింది. "మొత్తం అయిదు రాశాను. నాలుగు తిరిగొచ్చాయి. ఈ అయిదోది ఎక్కడ దొరికిందో ఈయన్ని అడగండి."

ముసలాయన అడిగాడు. గట్టిగానే అడిగాడు. పక్క బల్లలవాళ్ళు తలలు తిప్పారు. అంతమందికి సలహాలిచ్చిన నోరు, లాయర్ల పేర్లూ బియ్యం ధరలూ గడగడా చెప్పే నోరు, రెండుసార్లు తెరుచుకుని మూసుకుంది. చివరికి, "మిస్ అండర్‌స్టాండింగ్. ఇట్ ఈజ్ హర్స్," అన్నాడు. షో నడిపే అతనొచ్చి పేరు రాసుకుని, ఇంకెప్పుడూ రావద్దని, చెయ్యి తలుపు వైపు చూపించాడు. హాలంతా చూస్తుండగా, ఇస్త్రీ చొక్కా చంకల్లో తడిసిపోయి, నడిచి వెళ్ళాడు. తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాడు. నేను చెయ్యి ఊపాను. నా కడుపు అంత చల్లబడిన రోజు అంతకు ముందు లేదు.

ముసలాయన చీటీ మీద అంకె కొట్టేసి కార్డు నా ముందుకి జరిపాడు. "సారీ. ఈ మూలలతో ఎవరూ కొనరు. వింతగా ఉంది కాబట్టి కావాలంటే నేను ఇరవై ఇస్తాను," అన్నాడు. వద్దని, మైనం కాగితం తీసి కార్డు చుట్టుకుని వచ్చేశాను.

అన్నయ్యగారు మా ఆయన ప్రాజెక్టు జోలికి పోలేదు. పోతే నేను నోరు విప్పుతానని తెలుసు. పాట్‌లక్‌లు ఆగిపోయాయి. ఎలా పొక్కిందో గానీ కాంప్లెక్స్‌లో అన్నగారూ అనడం తగ్గింది. మా ఆయన మాత్రం సంగతంతా విని, "సగం తీసుకోవాల్సింది కదా," అన్నాడు. వదిన ఒకరోజు లాండ్రీ రూమ్‌లో ఎదురై, బుట్ట పట్టుకుని, "నన్నడిగి ఉంటే నేనే తెచ్చి ఇచ్చేదాన్ని కదమ్మా," అంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఆ కోటు ఉతికి తిరిగి ఇవ్వబోతే తలుపు తీయలేదు.

ఫ్లోరిడా నుంచి పెద్దావిడ ఫోన్ చేసింది. "వెల కనుక్కున్నావా?"

"కనుక్కున్నాను."

"నీ కళ్ళతో చూశావా?"

"చూశాను. చాలా మంచి ధర వచ్చింది. జనవరిలో చేరుతున్నాను," అన్నాను. దేవుడికి పెట్టి పాడు చేశానని, దొంగ చేతిలో పెట్టానని, చివరికి పంతానికి ఫీజు పోగొట్టానని ఆ తమ్ముడి అక్కకి ఎలా చెప్పను? ఆవిడ ఫోన్లో చప్పట్లు కొట్టింది.

అక్కణ్ణుంచి నెలకో ఆదివారం ఫోన్. ఈ వారం ఏం నేర్చుకున్నావు అని అడిగేది. హైదరాబాదులో చేసిన ప్రయోగాలన్నీ ఒక్కొక్కటిగా పార్సిప్పనీకి మార్చి చెప్పేదాన్ని. టీచరు ఎలాంటిదో చెప్పేదాన్ని. పరీక్షలయ్యాక మార్కులడిగేది, అవీ చెప్పేదాన్ని. అన్నిట్లో ఏ గ్రేడే వస్తే నమ్మదని ఒకదాంట్లో బి ప్లస్ వేసుకున్నాను. ఏడాది కోర్సు అయిపోతే పైకోర్సు అన్నాను. అలా రెండేళ్ళు, నేను వంటింట్లో గట్టు మీద కూర్చుని, లేని కాలేజీకి వెళ్ళొచ్చాను.

నెక్స్ట్ ఇయర్ అన్నది చివరికి రెండు వేల పదిలో వచ్చింది. మా ఆయనే ఫీజు కట్టాడు. మొదటి రోజు ల్యాబ్ కోటు వేసుకుని, కాలేజీ పార్కింగ్ లాట్‌లో కార్లో కూర్చుని ఆవిడకి ఫోన్ చేశాను. నిజమంతా చెప్పేయాలని, ఆవిడ తిట్టినా పడాలని అనుకున్నాను. రెండు నెలలుగా ఆవిడ ఫోన్ తీయడం లేదు. ఆ రోజు కూతురు తీసింది. అమ్మ పోయి మూడు వారాలైందని చెప్పింది. నా పేరు చెప్పగానే గొంతు మారిపోయింది.

"నువ్వేనా! అమ్మ అందరికీ నీ గురించే చెప్పేది. మా మామయ్య కార్డులతో ఒకమ్మాయి చదువుకుంటోందని. నీ మార్కులన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించుకుంది. ఇంకా అలాగే ఉంది. ఒక్కటే బి ప్లస్. అది ఎందుకు తగ్గిందా అని తెగ బెంగపడేది," అంది.

నేను థాంక్యూ అన్నాను. ఆ కాగితం కావాలా, పంపించనా అని ఆమె అడిగింది. వద్దన్నాను. క్లాసుకి టైమైపోయింది, దిగి లోపలికి వెళ్ళాను.

హోటల్ హాల్లో ఆయన మొహం తలుచుకుంటే ఇప్పటికీ నాకు హాయిగానే ఉంటుంది, దాచేదేమీ లేదు. కార్డు నా దగ్గరే ఉంది. దీపావళికి ఏటా తీస్తాను, ఏటా నాలుగు మూలలా మళ్ళీ పసుపు రాస్తాను. ఇక దాన్ని ఎవరికీ అమ్మేది లేదు. రాసేటప్పుడు మాత్రం ఆ బి ప్లస్ గుర్తొస్తుంది. అన్నిట్లో ఏ అని చెప్పి ఉండాల్సింది.